రిసార్ట్‌లో ఆరు వారాల ఆర్టిస్ట్ రెసిడెన్సీ వచ్చింది. లెటర్ చదివాక టెన్షన్ మొదలైంది

నీలిగీత
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం తక్కువ. ఈసారి మీ సలహా కావాలి.

సముద్రం ఒడ్డున ఉన్న ఒక లగ్జరీ రిసార్ట్ వాళ్ళు ఆర్టిస్ట్ రెసిడెన్సీ (ఆర్టిస్టులు కొన్నాళ్ళు అక్కడే ఉండి పని చేసుకునే ఏర్పాటు) పెట్టారు. అప్లై చేశాను, ఎంపికయ్యాను. పేరు చెప్పను, దయచేసి ఊహించకండి కూడా. ఆరు వారాలు. గది, మూడు పూటలా భోజనం, రానూపోనూ టికెట్, రంగులకీ కాన్వాసులకీ కొంత డబ్బు. స్టైపెండ్ లేదు.

బదులుగా వాళ్ళు అడుగుతున్నవి ఇవీ. వెళ్ళేటప్పుడు రెండు పెయింటింగ్‌లు ఇచ్చి వెళ్ళాలి, "ఎంపిక రిసార్ట్‌ది". వారానికి మూడు సాయంత్రాలు గెస్టుల ముందు లైవ్ పెయింటింగ్. ఒక ఆదివారం పిల్లలకి వర్క్‌షాప్. "రెసిడెన్సీ కాలంలో సృష్టించిన అన్ని కళాకృతులను ప్రచార, వాణిజ్య అవసరాలకు శాశ్వతంగా వాడుకునే హక్కు" వాళ్ళది. స్టూడియో అని ఒక ఫొటో పంపారు. లాబీ పక్కన అద్దాల గది, తెల్లటి పాలరాయి నేల.

నేను ఆయిల్స్‌లో వేస్తాను. పదకొండేళ్ళుగా పగలు ఉద్యోగం, రాత్రి బొమ్మలు. బొమ్మలు తప్ప వేరే పని లేకుండా వరసగా ఆరు వారాలు నా జన్మలో గడపలేదు. అందుకే వద్దనడానికి మనసు ఒప్పట్లేదు. సంతకం పెట్టడానికి చెయ్యి ఆడట్లేదు.

తొలికుంచె
అక్కా, నాకైతే కుళ్ళుగా ఉంది! సముద్రం ఎదురుగా ఆరు వారాలు, వంట లేదు, గిన్నెలు లేవు. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెడతారా ఎవరైనా? వెళ్ళిపోండి.

మట్టిచేతులు
తొలికుంచె, నాన్నా, అది దానం కాదు. లెక్క వెయ్యి. రెండు పెయింటింగ్‌లు, పద్దెనిమిది సాయంత్రాలు, ఒక ఆదివారం, పైగా శాశ్వత హక్కు. ఇన్ని ఇచ్చి తెచ్చుకునే ఆవుకి పళ్ళే కాదు, గిట్టలు కూడా చూసుకోవాలి.

నీలిగీతా, ఇలాంటి ఒక చోట నేను నాలుగు వారాలున్నాను. నాది సిరామిక్స్. బ్రోషర్‌లో "పూర్తి స్థాయి స్టూడియో" అని ఉంది. వెళ్ళేసరికి కిల్న్ (కుండలు కాల్చే బట్టీ) ఉన్నమాట నిజమే, కొత్తది, ప్యాకింగ్ కూడా సగమే విప్పారు. దానికి త్రీ ఫేజ్ కరెంటు కావాలి. ఆ గదిలో ఉన్నది సింగిల్ ఫేజ్. మెయింటెనెన్స్ వాళ్ళు రోజూ వచ్చి చూసి "రేపు మేడం" అని వెళ్ళేవారు. ఆ రేపు పందొమ్మిదో రోజున వచ్చింది. ఈలోగా ఏసీ గాలి సూటిగా తగిలి నా కుండల అంచులు ముందే ఎండిపోయాయి, అడుగులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, ఇక నిలువునా పగుళ్ళు. గెస్టులు లోపలికి వస్తుంటారు కాబట్టి ఏసీ ఆపడానికి వీల్లేదట. ప్లాస్టిక్ కవర్లు కప్పి, వాటి మీద తడిగుడ్డలు వేసి, పసిపిల్లల్ని కాచుకున్నట్టు కాచుకున్నాను.

సింక్ సంగతి ఇంకో కథ. మట్టిచేతులు నేరుగా సింక్‌లో కడిగితే పైపు పూడిపోతుంది. బకెట్లో కడిగి, మట్టి అడుక్కి దిగాక పైనీళ్ళు మాత్రం పారబొయ్యాలి. వర్క్‌షాప్‌కి వచ్చినవాళ్ళకి ఈ ముక్క చెప్పేలోపే పైపు పూడింది. తప్పు ఎవరి మీదికి వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు.

రూము మూడుసార్లు మార్చారు. గెస్టులు పెరిగినప్పుడల్లా నేను ఒక అంతస్తు కిందికి. అందుకే ముందు ఇది చెప్పు: నీ లెటర్‌లో గది "అందుబాటును బట్టి" అని ఎక్కడైనా ఉందా?

నీలిగీత
ఇప్పుడే చూశాను అక్కా. ఉంది. నాలుగో పేజీలో, చిన్న అక్షరాల్లో.

కామాలేని
అయితే మిమ్మల్ని తీసుకున్నది ఆర్టిస్టుగా కాదు, లిఫ్టుగా.

పాతతాళంచెవి
పద్నాలుగేళ్ళు హోటళ్ళలో పనిచేశాను. ఆఖరి మూడేళ్ళు ఇలాంటి రెసిడెన్సీ ఒకటి నా నెత్తిన ఉండేది. అవతలి వైపు నుంచి చెబుతాను, తిట్టుకోకండి.

సీజన్ కాని రోజుల్లో గది ఎలాగూ ఖాళీగా ఉంటుంది. అందులో ఆర్టిస్ట్‌ని పెడితే హోటల్‌కి అయ్యేది దుప్పట్లు ఉతికే ఖర్చు, భోజనం, కరెంటు. లెటర్‌లో "ఇంత విలువైన బస" అని వేసే అంకె గెస్టు కట్టే రేటు. మీ మీద వాళ్ళు పెట్టే ఖర్చు అందులో ఏ మూలకో ఉంటుంది. ఆ అంకె చూసి రుణపడిపోయాననుకోకండి. బదులుగా హోటల్‌కి దక్కేవి గోడ మీదికి బొమ్మ, సాయంత్రం కార్యక్రమాల బోర్డు మీద ఒక లైను, సోషల్ మీడియాకి ఆరు వారాల మేత. అందుకే ఈ బడ్జెట్ చాలాసార్లు మార్కెటింగ్ వాళ్ళ దగ్గర ఉంటుంది. అది తప్పని నేను అనను. కాకపోతే ఇవాళ ఫోన్లో మీతో ఇంత ఆప్యాయంగా మాట్లాడిన మనిషి, మీరు దిగేనాటికి ఇంకో హోటల్‌కి మారిపోయి ఉండొచ్చు. మా రంగంలో మనుషులు నిలవరు. నోటిమాటగా ఒప్పుకున్నవన్నీ ఈమెయిల్లోకి ఎక్కించుకోండి.

ఆయిల్స్ అన్నారు కాబట్టి ఇంకోటి. గుడ్డలు. ఆయిల్ రంగుల్లో ఉండే లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) అంటిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే, ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతూ వేడెక్కుతుంది. ఉండ లోపలి వేడి బయటికి పోయే దారి లేక ఒక్కోసారి దానంతటదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. మా లాండ్రీ వాళ్ళకి ఇది బాగా తెలిసిన భయం. స్పాలో మసాజ్ నూనె పీల్చిన తువ్వాళ్ళని డ్రయ్యర్లోంచి వేడివేడిగా తీసి కుప్పపోస్తే ఇదే జరుగుతుంది. అయినా మేం ఆర్టిస్ట్ గుడ్డల దాకా ఆలోచించలేదు. ఒక రాత్రి కారిడార్‌లో హౌస్‌కీపింగ్ ట్రాలీ నుంచి సన్నగా పొగ. నల్లసంచి విప్పితే మధ్యలో గుడ్డ గోధుమరంగుకి మాడి ఉంది. ముట్టుకున్న నా వేళ్ళు చురుక్కుమన్నాయి. పక్క గదిలో ఒక కుటుంబం నిద్రపోతోంది.

మూతున్న ఇనుప డబ్బా, అందులో నీళ్ళు. అది ఇచ్చేదాకా ట్యూబు మూత తియ్యకండి.

తొలికుంచె
బాబోయ్. నేను మంచం కింద పడేస్తాను అండీ గుడ్డలు 😬

పాతతాళంచెవి
ఇప్పుడే లేచి తియ్యి తమ్ముడూ. తర్వాత వచ్చి చదువుకుందువుగాని.

జలవర్ణం
అందరూ భయపెట్టేస్తున్నారు. రెండో వైపు కూడా వినండి.

నేను వాటర్ కలర్. కొండ మీద ఒక రిసార్ట్‌లో మూడు వారాలున్నాను, రోజూ సాయంత్రం గెస్టుల ముందు వెయ్యాలి. మొదటి వారం నరకమే. "ఇది ఎంతసేపట్లో అయిపోతుందండీ?" అని ఒకాయన. "మా కుక్కని వేస్తారా?" అని ఒకావిడ, ఫోన్లో కుక్క ఫొటోలు తిప్పుతూ. రెండో వారం నుంచి ఒక పెద్దావిడ వచ్చి నా ఎడమవైపు కుర్చీలో కూర్చునేది. పలకరింపు కూడా లేదు. ఒకరోజు ఆకాశానికి వాష్ (పల్చటి రంగునీళ్ళ పూత) వేసి, అది ఆరకముందే రెండో రంగు పెట్టబోతున్నాను. "ఊహూ" అంది. చెయ్యి ఆగిపోయింది. ఆవిడ చెప్పింది కరెక్టు. ఆ మంచుగాలిలో కాగితం ఆరడానికి ముప్పావుగంట పడుతోంది, నేనేమో ఇంటి అలవాటులో పది నిమిషాలకే కుంచె పట్టుకుంటున్నాను. నాలుగు రోజులుగా ఆకాశాలన్నీ ఎందుకు బురదగా వస్తున్నాయో నాకు అర్థం కాలేదు, కుర్చీలో కూర్చున్న ఆవిడకి అర్థమైంది. కళ్ళ డాక్టర్‌నని వెళ్ళేరోజు చెప్పింది.

ఇంట్లో ఒంటరిగా వేసుకుంటే ఆ "ఊహూ" ఎవరంటారు? నేనైతే మళ్ళీ పిలిస్తే వెళ్తాను.

గోడమీదపిల్లి
జలవర్ణం గారూ, మీరు బొమ్మ చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారు. నేను గోడ తెచ్చుకోలేను కదా.

ఒక రిసార్ట్‌లో స్విమ్మింగ్ పూల్ వెనక గోడ మీద నలభై రోజులు వేశాను. ప్రారంభోత్సవం, ఫొటోలు, దండలు, అన్నీ జరిగాయి. రెండేళ్ళకి ఎవరో గెస్టు ఫొటో పెడితే చూశాను. వెనక గోడ లేత బూడిదరంగు. రినోవేషన్ అట. ఒక ఫోన్ కాల్, ఒక మెసేజ్ లేదు. ఆ మూలలో మా అమ్మ చెయ్యి వేశాను, రోకలి పట్టుకున్న చెయ్యి. దానికి కనీసం మంచి ఫొటో కూడా తీసి పెట్టుకోలేదు, గోడ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

చట్టంలో దీనికేమీ లేదా?

చదివిసంతకం
వృత్తి చెప్పను, పేరు చూసి పోల్చుకోండి. ముందుగా ఒక మాట. లెటర్ మొత్తం చదివి మీ ఎదురుగా కూర్చున్న లాయర్ చెప్పేదే సలహా, నేను రాసేది కబుర్లకింద లెక్క.

గోడమీదపిల్లి గారూ, ఉంది. కానీ దేశాన్ని బట్టి, రాసుకున్న కాగితాన్ని బట్టి. న్యూయార్క్‌లో 5పాయింట్జ్ అని గ్రాఫిటీకి పేరుమోసిన పాత ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ అపార్ట్‌మెంట్ టవర్లు కట్టాలనుకున్న యజమాని 2013లో రాత్రికి రాత్రి బొమ్మలన్నిటి మీదా తెల్లరంగు కొట్టించాడు. ఆర్టిస్టులు 1990 నాటి విజువల్ ఆర్టిస్ట్స్ రైట్స్ యాక్ట్ కింద కోర్టుకెళ్ళారు. 2018లో జడ్జి 21 మంది ఆర్టిస్టులకి సుమారు 67 లక్షల డాలర్ల పరిహారం ఇమ్మన్నాడు. 2020లో అప్పీల్ కోర్టు కూడా అదే నిలబెట్టింది. గోడ యజమానిదే, అందులో పేచీ లేదు. గోడ మీద కళకి మాత్రం విడిగా రక్షణ ఉందన్నారు. మన దేశంలో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కేసు ఇలాంటిదే. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ నుంచి ఆయన కంచు మ్యూరల్‌ని (గోడకి అమర్చిన పెద్ద శిల్పం) 1979లో ఊడదీసి గోడౌన్‌లో పడేశారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చి, మిగిలిన భాగాలు తిరిగి ఇవ్వమంది. లెక్క చూడండి, 26 ఏళ్ళు.

అందుకే నేను కోర్టు దాకా పోయే మాట చెప్పను. "గోడ మార్చాలనుకుంటే 60 రోజుల ముందు తెలియజేయాలి, ఫొటోలు తీసుకునే అవకాశం ఇవ్వాలి" అన్న ఒక్క లైను ఒప్పందంలో పెట్టించుకోండి. దీనికి హోటళ్ళు సాధారణంగా అభ్యంతరం చెప్పవు. వాళ్ళకి ఖర్చు లేదు.

ఇక నీలిగీత గారి లెటర్. కాన్వాస్ వేరు, కాపీరైట్ వేరు. రెండు బొమ్మలు ఇచ్చేసినా వాటి కాపీరైట్ తనంతట తాను వెళ్ళిపోదు, రాసిస్తేనే వెళ్తుంది అని సాధారణంగా అనుకుంటాం. కానీ మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. ఎవరైనా అడిగితే ప్రతిఫలం పుచ్చుకుని వేసిన పెయింటింగ్‌కి, ఒప్పందంలో వేరేలా లేకపోతే, కాపీరైట్ మొదటి యజమాని ఆ అడిగినవాళ్ళే. గది, భోజనం ప్రతిఫలమా కాదా అని రేపు వాదించుకోవడం కంటే "కాపీరైట్ ఆర్టిస్ట్‌ది" అని ఇవాళ రాయించుకోవడం తేలిక. రిసార్ట్ వేరే దేశంలో ఉంటే ఏ దేశపు చట్టం వర్తిస్తుందన్న లైను చివరి పేజీలో ఉంటుంది, అది కూడా చూడండి.

"రెసిడెన్సీ కాలంలో సృష్టించిన అన్ని కళాకృతులు" అన్నమాట నాకు అన్నిటికంటే నచ్చలేదు. అన్ని అంటే మీ స్కెచ్‌బుక్ కూడా. రాత్రి నిద్రపట్టక గీసుకున్నది కూడా. "వాణిజ్య అవసరాలకు శాశ్వతంగా" అంటే మీ బొమ్మ గిఫ్ట్ షాపులో కప్పు మీదా, సంచి మీదా, మీరు ముసలివాళ్ళయ్యాక కూడా. ఆ రెండు బొమ్మలకి మాత్రమే, ఇన్నేళ్ళే, సొంత ప్రచారానికి ఫొటో వాడుకోవడం వరకే. ఇలా మూడు వైపులా కుదించమనండి.

కామాలేని
ఇది పెద్ద కంపెనీలు కూడా చేస్తాయి. 2014లో అమెరికా రైళ్ళ సంస్థ ఆమ్‌ట్రాక్ రచయితలకి రైలు ప్రయాణమే రెసిడెన్సీగా ఇస్తామంది. ఊరంతా ఎగబడింది. షరతులు చదివితే, అప్లికేషన్‌తో పంపిన రచన నమూనాని వాళ్ళు ఎప్పటికీ, ఎక్కడైనా వాడుకోవచ్చన్న అర్థం వచ్చేలా ఉంది. ఎంపికైనవాళ్ళది కాదు, అప్లై చేసిన ప్రతివాళ్ళదీ! చివరికి రైలెక్కడానికి ఎంపికైంది 24 మంది. పెద్ద గొడవైంది.

దీనికి పూర్తిగా ఎదురు, 2009లో లండన్ హీత్రో ఎయిర్‌పోర్ట్. టెర్మినల్ 5లో డిపార్చర్స్ హాల్ మధ్యలో బల్ల వేసి రచయిత అలెన్ డి బాటన్‌ని వారంరోజులు కూర్చోబెట్టారు. జనం మధ్యే, అందరూ చూస్తుండగానే. కానీ ఆయన ముందే ఖాయం చేసుకున్నది ఒకటుంది. ఏం రాసినా వాళ్ళు వేలుపెట్టకూడదు. కాబట్టి పదిమంది చూడటం సమస్య కాదు నీలిగీత గారూ. చూసినవాళ్ళకి నచ్చకపోతే ఏమవుతుందన్నది సమస్య.

ఆ మాటకొస్తే ఫ్రెంచ్ చిత్రకారుడు మోనె కూడా 1899 నుంచి 1901 మధ్య లండన్‌లో సవాయ్ హోటల్లో దిగి, బాల్కనీ నుంచి థేమ్స్ మీద వంతెనల్ని వరసపెట్టి వేశాడు. కాకపోతే ఆయన గెస్టు. పిల్లల వర్క్‌షాప్ పెట్టమని ఎవరూ అడిగి ఉండరు.

తొలికుంచె
మరి మంచివి లేవా అసలు? అన్నీ ఇలాగేనా?

(గుడ్డలు తీసేశాను పాతతాళంచెవి గారూ. ఆరుబయట విప్పి ఆరేశాను.)

మట్టిచేతులు
ఎందుకు లేవు, ఉన్నాయి. కెనడాలో న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గర ఫోగో ఐలాండ్ ఇన్ చూడు. 2013లో తెరిచారు, 29 గదులు, చాలా ఖరీదైన చోటు. దాన్ని నడిపే షోర్‌ఫాస్ట్ సంస్థే ఆర్టిస్టుల రెసిడెన్సీ కూడా నడుపుతుంది. కిటుకు ఎక్కడుందంటే స్టూడియోలు ఇన్‌లో లేవు. ద్వీపం మీద రాళ్ళ అంచున, ఒకదానికొకటి దూరంగా కట్టారు. గెస్టు లిఫ్ట్ దిగి నైట్ డ్రెస్‌లో నీ స్టూడియోలోకి వచ్చే పని లేదు.

షాంఘైలో గడియారాల కంపెనీ స్వాచ్ వాళ్ళ ఆర్ట్ పీస్ హోటల్ 2011లో మొదలైంది. నది ఒడ్డున బండ్ అనే వీధిలో పాత భవనం. హోటల్ గదులతో పాటు ఆర్టిస్టులకి 18 స్టూడియోలు పెట్టారు. వెళ్ళేటప్పుడు పని తాలూకు ఒక "ఆనవాలు" వదిలి వెళ్ళాలి. ఏం వదలాలన్నది పెద్ద పేచీ కాదు.

దక్షిణ ఫ్రాన్స్‌లో లా కొలొంబ్ డోర్ అన్న సత్రంలో పికాసో, మాటీస్, లెజే వంటి చిత్రకారుల పనులు గోడల మీద ఉంటాయి. అక్కడ ఒప్పందం గిప్పందం లేదు, భోజనానికీ బసకీ స్నేహంకొద్దీ ఇచ్చిన బొమ్మలని చెప్పుకుంటారు. ఆ రోజులు వేరు.

నాకు మాత్రం అన్నిటికంటే నచ్చేది లగ్జరీ కానే కాదు. అమెరికాలో మెక్‌డోవెల్ అన్న రెసిడెన్సీ, 1907 నుంచి ఉంది. అడవిలో విడివిడిగా స్టూడియోలు. మధ్యాహ్నం భోజనం బుట్టలో పెట్టి గుమ్మం దగ్గర వదిలేసి వెళ్ళిపోతారు. తలుపు కొట్టరు. ఆ తలుపు కొట్టకపోవడమే అసలు లగ్జరీ అంటాను నేను.

గోడమీదపిల్లి
అమెరికన్ చిత్రకారుడు రాత్కో కథ తెలుసుగా. 1958లో న్యూయార్క్ సీగ్రామ్ భవనంలో ఫోర్ సీజన్స్ రెస్టారెంట్‌కి మ్యూరల్స్ వెయ్యడానికి ఒప్పుకున్నాడు. 1959లో రెస్టారెంట్ తెరిచాక భార్యతో వెళ్ళి భోంచేశాడు. ఇంటికొచ్చి, ఇంత డబ్బు పెట్టి ఇలాంటి తిండి తినేవాళ్ళు నా బొమ్మల్ని కన్నెత్తి చూడరని, పుచ్చుకున్న డబ్బు వెనక్కి ఇచ్చేశాడు. వాటిలో తొమ్మిది ఇప్పుడు లండన్ టేట్ మ్యూజియం దగ్గర ఉన్నాయి. అదీ ఆత్మగౌరవమంటే.

పాతతాళంచెవి
అన్నా, ఒకమాట. రాత్కో డబ్బు వెనక్కిచ్చేనాటికే రాత్కో. ఆయన్ని పిలవడానికి ఇంకో పదిమంది సిద్ధంగా ఉన్నారు. నీలిగీత గారికి దొరికింది ఆరు వారాల టైము. అది పారేసుకుని ఇంటికొస్తే మళ్ళీ రాత్రి పదింటి తర్వాత వేసుకోవాలి. ఆత్మగౌరవం ముఖ్యమే, కానీ ముందు ఫోన్ చేసి అడగాలి. వద్దనేది ఎప్పుడైనా అనొచ్చు.

గోడమీదపిల్లి
అడగనిదే అమ్మైనా పెట్టదు, నిజమే. ఒప్పుకుంటున్నాను. నేను అడగలేదు, అదే నా బాధ.

నీలిగీత
మూడు రోజులుగా మీ పోస్టులన్నీ కాగితం మీద రాసుకుని, ఇవాళ ఫోన్ చేశాను. గొంతు వణికింది. మొదట "ఇది అందరికీ ఒకటే స్టాండర్డ్ లెటర్ మేడం" అన్నారు. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. (ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాను, తెలివితో కాదు.) కాసేపటికి అవతలి నుంచి "సరే, మీకు ఏం కావాలి?" అని వచ్చింది.

హక్కులు ఆ రెండు బొమ్మలకే, మూడేళ్ళు, ఫొటోలు సొంత ప్రచారానికి మాత్రమే. కాపీరైట్ నాదేనని రాస్తారు. నేను పెట్టిన నాలుగింట్లోంచి రెండు ఎంచుకుంటారు. సాయంత్రాలు వారానికి మూడు నుంచి ఒకటి. రెండిటికి రమ్మంటారని ఒకటి అడిగాను, ఒకటికే ఒప్పుకున్నారు! గెస్టుల బొమ్మలు, కుక్కల బొమ్మలు వెయ్యనని రాయించాను జలవర్ణం గారూ.

స్టైపెండ్ ససేమిరా అన్నారు. గది మార్చబోమన్న హామీ కూడా ఇవ్వలేదు. "మారిస్తే రెండు రోజుల ముందు చెబుతాం" దగ్గర ఆగింది.

స్టూడియో మాత్రం ఊహించలేదు. ఆయిల్స్, టర్పెంటైన్ వాసన, గుడ్డల సంగతి చెప్పగానే ఫోన్ ఫైర్ సేఫ్టీ ఆయనకి ఇచ్చారు. ఆయన ఒక్క నిమిషంలో "లాబీ పక్కన కుదరదు" అని తేల్చేశారు. జిమ్ వెనక పడవలు పెట్టుకునే పాత షెడ్ ఉందట. సిమెంటు నేల, ఉత్తరం వైపు పెద్ద కిటికీ. ఫొటో చూశాను, ఒక తెడ్డు ఇంకా గోడకి వేలాడుతోంది. ఆ అద్దాల గదికి వెయ్యి రెట్లు నయం.

మట్టిచేతులు
ఉత్తరం కిటికీ! రోజంతా ఎండ సూటిగా పడదు, వెలుతురు ఒకేలా ఉంటుంది. పాలరాయిని వాళ్ళనే ఉంచుకోమను.

జలవర్ణం
కుక్కల క్లాజ్‌కి నా పేరు పెట్టండి.

రాత్రిపూట జాగ్రత్త. హోటల్ లైట్లు అంతా 2700 కెల్విన్ పసుపు. ఆ వెలుగులో నీలం చచ్చుగా కనిపించి మీరు ఇంకా నీలం దట్టిస్తారు. తెల్లారి చూస్తే కళ్ళు బైర్లు కమ్ముతాయి. పగటి వెలుతురులా ఉండే 5000 కెల్విన్ బల్బులు, సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నవి, రెండు పెట్టెలో వేసుకోండి. మీ పేరే నీలిగీత, ఇంకా ప్రమాదం.

చదివిసంతకం
బాగా మాట్లాడారు. సవరించిన లెటర్ చేతికి వచ్చేదాకా టికెట్ బుక్ చెయ్యనివ్వకండి. వీసా అవసరమైన చోటైతే, మామూలు టూరిస్ట్ వీసా మీద గెస్టులకి డెమో ఇవ్వడం పని కిందికి వస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. వచ్చే దేశాలు ఉన్నాయి.

కామాలేని
ఒక తెలివితక్కువ ప్రశ్న. ఆరు వారాల్లో వేసిన ఆయిల్స్ ఆరతాయా? తడి బొమ్మలు ఇంటికెలా తెస్తారు?

నీలిగీత
మంచి ప్రశ్నే. పల్చగా వేసినవి వారం పదిరోజుల్లో వేలికి అంటకుండా ఆరతాయి. మందంగా వేస్తే నెలలు. సంప్రదాయ వార్నిష్ వెయ్యడానికి ఆర్నెల్ల నుంచి ఏడాది ఆగమంటారు. అందుకే మందంగా వేసేవన్నీ మొదటి మూడు వారాల్లోనే, చివర్లో చిన్న ప్యానెల్స్ (బొమ్మ వేసే చెక్కపలకలు) మాత్రమే అని ప్లాన్. ప్యానెల్స్ ఒకదానికొకటి తగలకుండా గాడులు ఉన్న చెక్కపెట్టె ఒకటి చేయించాను. పచ్చి ఆయిల్ కాన్వాస్ చుట్టకూడదు, చుట్టిన వెధవపని ఒకసారి చేశాను, విప్పితే రెండు బొమ్మలు ఒకటైపోయాయి.

నీలిగీత
ఇక్కడికొచ్చి పన్నెండో రోజు. నెట్ షెడ్ దాకా రాదు, ఇప్పుడు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

రూము ఒకసారి మార్చారు. పైఅంతస్తుకి! మట్టిచేతులు అక్కా, ఇది మీ ఖాతాలో వేసుకోండి.

మధ్యాహ్న భోజనం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళమని మెక్‌డోవెల్ కథ చెప్పి మరీ అడిగాను. మొదటిరోజు తెచ్చిన కుర్రాడు తలుపు కొట్టాడు. తీశాను. ట్రే పట్టుకుని నిలబడి, వెండి మూత ఎత్తి చూపించి, ఒక్కో పదార్థం పేరు చెప్పి, "ఇంకేమైనా కావాలా మేడం" అన్నాడు. అది వాళ్ళ ట్రెయినింగ్. రెండోరోజు కూడా అంతే. మూడోరోజు తలుపు కొట్టలేదు, కానీ వెళ్ళనూ లేదు. తలుపు కింద సందులోంచి రెండు నల్లబూట్లు కనిపిస్తున్నాయి. ఐదు నిమిషాలు చూశాను, కదలవు. నాకు నవ్వాగక బయటికి వచ్చేశాను. వదిలేసి వెళ్తే సూపర్‌వైజర్ తిడతాడట. ఆ సూపర్‌వైజర్‌తో మాట్లాడాక నిన్నటి నుంచి ట్రే ఒక్కటే ఉంటోంది. మూత తీస్తే కాస్త చల్లారి ఉంటుంది.

ఆ బూట్లు వేస్తున్నాను ఇప్పుడు. తలుపు కింద సందు, వెనక నుంచి ఎండ, రెండు బూట్లు. ఇది వాళ్ళకిచ్చే నాలుగింట్లో పెట్టను.

ఒక్క డౌట్. సముద్రపు గాలికి టైటేనియం వైట్ మరీ నెమ్మదిగా ఆరుతోంది. కింద పొరలకి ఏం వాడమంటారు?

జలవర్ణం
నేను నీళ్ళ మనిషిని, కానీ మా ఆయిల్స్ ఫ్రెండ్స్ కింద పొరలకి ఆల్కిడ్ మీడియం (రంగు త్వరగా ఆరేలా చేసే ద్రవం) కలుపుతారు. చాలావరకు ఒకరోజులో పట్టేస్తుంది. పై పొరలో కింద పొర కంటే నూనె తక్కువ కాకుండా చూసుకోండి.

పాతతాళంచెవి
బూట్ల బొమ్మ అయ్యాక ఆ కుర్రాడికి ఒకసారి చూపించండి, సూపర్‌వైజర్ లేనప్పుడు.

గుడ్డల డబ్బా ఇచ్చారా?

నీలిగీత
ఇచ్చారు. ఎర్రది, మూతుంది. నీళ్ళు నేనే పోశాను.